తొమ్మిది బతుకమ్మలు, ఒక పంపు

అక్టోబర్ 1, మంగళవారం

ఉదయం 6:40. షుగర్ 118. బాణం అడ్డంగా ఉంది, అంటే ఎటూ పోవడం లేదు. డైరీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

(ఇది అసలు బ్లౌజుల కొలతల పుస్తకం. వెనకవైపు నుంచి రాస్తున్నాను. ముందు నుంచి ఛాతీ, నడుము, చేతి పొడవు. వెనక నుంచి నా షుగర్. మధ్యలో ఎక్కడో రెండూ కలుసుకుంటాయి.)

నేను సుమలత. కోరుట్లలో లేడీస్ టైలర్ని. మా ఆయన మహేశ్ సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పనిచేస్తాడు, పండుగలకు ఇంటికొస్తాడు. ఇంట్లో నేను, అత్తమ్మ, మామ. నాకు పంతొమ్మిదో ఏట నుంచి షుగర్. బిళ్ళలతో తగ్గే రకం కాదు, ఇన్సులిన్ లేకపోతే బతకని రకం. పదమూడేళ్లు సూదులు పొడుచుకున్నాను. రెండు నెలల కింద మస్కట్‌లో నర్సుగా చేసే మా రజని అక్క సెలవు మీద వస్తూ పంపు తెచ్చింది. జగిత్యాల డాక్టరమ్మ పెట్టింది. సబ్బుబిళ్ళంత ఉంటుంది. భుజానికి అంటించిన సెన్సార్ ఐదు నిమిషాలకోసారి షుగర్ చూసి చెప్తుంది, పంపు దాన్ని బట్టి తనంతట తానే ఇన్సులిన్ పెంచుతుంది, తగ్గిస్తుంది, అవసరమైతే ఆపేస్తుంది. అన్నం తిన్నప్పుడు ఎంత తిన్నానో మాత్రం నేను చెప్పాలి.

తీర్మానం! రేపటి నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడతాను. ఒక్కరోజు కూడా షుగర్ డౌన్ కాదు. ఒక్కరు కూడా నా నోట్లో చక్కెర పోయరు.

ఎందుకంటే, పోయినేడు చివరి రోజు, సద్దుల నాడు మూడో పాటలో కళ్ళు తిరిగి పడ్డాను. నేల మీద పడినా బాగుండేది. నర్సక్క బతుకమ్మ మీద పడ్డాను. పక్కింటి నర్సక్క మూడు రోజులు గునుగుపూలు తెంపి, రంగులద్ది, నడుమెత్తు పేర్చిన బతుకమ్మ. నాకు తెలివి వచ్చేసరికి నలుగురి చేతులు నా నోటి దగ్గరున్నాయి. ఒక చేతిలో చక్కెర, ఒక చేతిలో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద, ఒక చేతిలో కూల్‌డ్రింకు. నాలుగో చెయ్యి ఎవరిదో, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

అదీ పర్వాలేదు. ఆ రోజు నుంచి మా అత్తమ్మ కొమురవ్వ పాట మానేసింది. మా గల్లీలో పాట ఎత్తేది ఆమే. ఊళ్ళో సంగతులు అప్పటికప్పుడు పాటలో కలిపేస్తుంది. ఎవరికి కొడుకు పుట్టాడు, ఎవరి బర్రె తప్పిపోయింది, ఎవరి అల్లుడు కట్నం బండి గుంతలో పడేశాడు, అన్నీ వచ్చేస్తాయి. అలాంటి మనిషి ఏడాదిగా కూనిరాగం కూడా తీయలేదు. ఎందుకని అడిగితే ఒక్కటే మాట చెప్పింది. "నేను పాటల వడి నువ్వు పడ్డది సూడలే బిడ్డా. ఇగ నాకు పాటొద్దు."

ఈసారి ఆట జరుగుతుంటే గ్లూకోజ్ నీళ్ళ సీసా పట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంటానంది. నేను తొమ్మిది రోజులు డౌన్ కాకుండా ఆడి చూపిస్తే మళ్ళీ పాడుతుంది. నాకు కావలసింది అదే.

రజని అక్క వాయిస్ మెసేజ్‌లో మూడు సూచనలు పంపింది.
ఒకటి: ఆటకు గంట, గంటన్నర ముందే పంపులో 'వ్యాయామం' నొక్కాలి. అప్పుడది ఇన్సులిన్ తగ్గించి షుగర్‌ను కొంచెం పైనే ఉంచుతుంది.
రెండు: ఆటకు ముందు కడుపునిండా తినొద్దు. తింటే పంపుకు చెప్పాలి, మోతాదు తగ్గించాలి.
మూడు: గ్లూకోజ్ బిళ్ళలు దగ్గరుంచుకుని, ఆటలో షుగర్ జారుతుంటే రెండు చప్పరించాలి.

మొదటి రెండూ సరే. మూడోది కొట్టేశాను. అందరి ముందు తీపి తినడం తప్పించుకోవడానికే కదా ఈ పంపు!

రాత్రి 8:00. లంగాకు లోపలి వైపు పంపు జేబు కుట్టాను. బయటికి అస్సలు కనపడదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అక్టోబర్ 2, బుధవారం (ఎంగిలిపూల బతుకమ్మ)

ఉదయం 7:00. 124. ఉత్సాహం.

మధ్యాహ్నం 1:00. పండుగ బ్లౌజులు ఇంకా పదిహేడు. అందరూ "ఇయ్యాల సాయంత్రానికే" అంటున్నారు.

సాయంత్రం 4:45. 'వ్యాయామం' నొక్కాలి. ఈ ఒక్క హుక్కు కుట్టి నొక్కుతాను.

5:20. ఈ ఒక్క చెయ్యి.

6:15. గల్లీ చివరి ఖాళీ జాగకు వచ్చి, బతుకమ్మ దింపి, అప్పుడు నొక్కాను. అన్నం మాడాక పొయ్యి తగ్గించినట్టు.

6:40. లంగాలోంచి బీప్. 74, బాణం కిందికి. "కొంగు పిన్ను ఊడింది" అని ఇంటికి ఉరికి నాలుగు బిళ్ళలు నమిలాను. అత్తమ్మ వెనకే వచ్చి, పిన్ను పెట్టుకోవడానికి మూతి ఎందుకు ఆడుతోందని అడిగింది.

7:30. తీర్పు: డెబ్బై లోపలికి పోతేనే డౌన్. 74 డౌన్ కాదు. తీర్మానం పదిలం.

అక్టోబర్ 3, గురువారం (అటుకుల బతుకమ్మ)

మధ్యాహ్నం 3:00. బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆటకు ముందు గిన్నెడు అటుకులు బెల్లంతో తినేస్తాను. పంపుకు చెప్పను. చెప్తేనే కదా ఇన్సులిన్ ఇచ్చేది! షుగర్ రెండు వందలు పెట్టుకుని ఆటకు వెళ్తే పడమన్నా పడదు. 'వ్యాయామం' కూడా అక్కర్లేదు. రజని అక్క నర్సు కావచ్చు, తెలివి మాత్రం నాది.

5:10. తిన్నాను. ఎవరూ చూడలేదు.

5:45. 188. బాణం పైకి. ఆహా.

6:20. ఆట మొదలు. 179. పోయినేడు పడినదాన్ని నేనేనా అనిపించేంత హుషారుగా అడుగులు వేస్తున్నాను.

6:45. 104. రెండు బాణాలు కిందికి. అదేంటి?

6:55. 63. బీప్ మోగేసరికి అత్తమ్మ సీసాతో పక్కనే ఉంది. సగం సీసా తాగించింది. ఆట ఆగింది. అందరూ నన్ను చూశారు. నర్సక్క తన బతుకమ్మను రెండడుగులు దూరం జరిపింది.

8:00. రజని అక్కకు ఫోన్ చేసి పంపు పాడైందని చెప్పాను. పాడైంది నా తెలివని తేల్చింది. "నువ్వు చెప్పకుంటేంది చెల్లె, సెన్సార్ సూస్తనే ఉంటది. షుగర్ ఎక్కుతుంటె పంపు ఊకుంటదా? ఇన్సులిన్ ఇచ్చుకుంట పోయింది. నువ్వాడేటాళ్ళకు అటుకులు అయిపోయినయ్, ఇన్సులిన్ మిగిలింది."

అంటే ఒంట్లో కూర్చున్న దానికే తెలియకుండా దొంగతిండి తినబోయాను. పదమూడేళ్ల షుగర్ పేషెంట్‌ను, ఇంత మాత్రం తట్టలేదు.

ఈ ఒక్కరోజు లెక్కలోకి రాదు. తీర్మానం రేపటి నుంచి. ఏడు రోజులైనా అదే గొప్ప.

అక్టోబర్ 4, శుక్రవారం (ముద్దపప్పు బతుకమ్మ)

4:40. ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ 'వ్యాయామం' నొక్కాను. హుక్కులన్నీ పక్కన పడేశాను. ముద్దపప్పు అన్నం ఆట తర్వాతే.

6:10. ఆట. 141.
6:35. 129.
7:05. 112! బీప్ లేదు, బిళ్ళ లేదు, సీసా మూత కూడా తీయలేదు!

7:20. ఇంటికి వస్తుంటే వెనకాల అత్తమ్మ చిన్నగా రాగం తీసింది. రెండే రెండు ముక్కలు. నేను తల తిప్పలేదు. తిప్పితే ఆపేస్తుందని భయం. ఇంటి గడప దాకా నెమ్మదిగా, మామూలు కన్నా చాలా నెమ్మదిగా నడిచాను.

సంతోషంగా ఉంది. ఇంకేం రాయను.

అక్టోబర్ 5, శనివారం (నానబియ్యం బతుకమ్మ)

మధ్యాహ్నం 3:30. కొత్త చీర పలచగా ఉంది. పంపు ఎత్తుగా కనపడుతోంది. ఒక ప్రశ్న: డౌన్ అయ్యేది దేనివల్ల? ఇన్సులిన్ వల్ల. ఇన్సులిన్ ఇచ్చేది ఎవరు? పంపు. అసలు పంపే లేకపోతే?

4:00. పంపు విప్పి కుట్టు మిషన్ సొరుగులో పెట్టాను. ఒళ్ళు తేలికగా ఉంది.

6:00 నుంచి 7:15. ఆడాను. పడలేదు. దాహంగా ఉంది.

7:25. నర్సక్క ఇంట్లో రెండు చెంబుల నీళ్ళు తాగాను. తాగి, వాళ్ళ బాత్రూముకే రెండుసార్లు వెళ్ళాను. ఆమె పాపం ఏమీ అడగలేదు.

7:40. ఇంటికొచ్చి పంపు తగిలించుకున్నాను. 318. ఆ అంకె ఈ రెండు నెలల్లో ఎప్పుడూ చూడలేదు. తల పగిలిపోతోంది.

కానీ డౌన్ కాలేదు. పైకి పోవడం గురించి తీర్మానంలో ఎక్కడా రాసుకోలేదు.

8:10. రజని అక్కకు ఫోన్ చేసి చెప్పాను. నెమ్మదిగా, మూడున్నర గంటలు ఇన్సులిన్ లేకుండా ఉంటే మా రకం షుగర్ ఉన్నవాళ్ళు ఆస్పత్రి పాలవుతారని చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 6, ఆదివారం (అట్ల బతుకమ్మ)

ఉదయం 9:00. కొత్త పద్ధతి. నాకు అర్థమైంది ఏమిటంటే, అసలు సమస్య షుగర్ కాదు, బీప్. బీప్ వినగానే అత్తమ్మ మొహం పాలిపోతుంది. బీప్ లేకపోతే కూనిరాగం వస్తుంది. కనుక బీప్ వినపడకూడదు.

11:00. జేబు మార్చాను. లోపల స్పాంజి, దాని మీద దూది, దాని మీద రెండు పొరల లైనింగు, అడ్డంగా నిలువుగా కుట్లు. చిన్న బొంతే అనుకోవచ్చు. పంపు లోపల పెట్టి చెవి ఆనించినా గురక కూడా వినపడదు.

4:40. 'వ్యాయామం' నొక్కాను. మనం చదువుకున్నవాళ్ళమే. ఫోన్ కూడా బీప్ కొడుతుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే చార్జింగ్ పెట్టాను.

6:00. ఆట మన గల్లీలో.
6:50. వెనక గల్లీ వాళ్ళు పిలిచారు. అక్కడా ఆడాను.

(మిగతాది రాత్రి భోజనాలయ్యాక రాస్తున్నాను.)

నాకు గుర్తున్నది ఇంతే. నర్సక్క బ్లౌజు చాలా అందంగా కనపడింది. తర్వాతిది అత్తమ్మ చెప్పింది. నేను ఆట మధ్యలో నర్సక్కను ఆపి, ఎడమ చెయ్యి తలకిందులుగా కత్తిరించానని, చంకలో అతుకు వేసి కప్పిపెట్టానని ఒప్పుకున్నానట. ఒప్పుకుని ఊరుకోలేదు. ఆమె చెయ్యి పైకెత్తి, అతుకు ఎంత సన్నగా వేశానో అందరికీ చూపించానట. అందరూ నవ్వుతుంటే అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు. నా మొహం మీది చెమట చూసింది.

51. పంపు బొంతలో పడుకుని పావుగంట నుంచి మోగుతూనే ఉంది. ఇన్సులిన్ ఎప్పుడో ఆపేసింది. తన పని తాను చేసింది. నేనే దాని నోరు కుట్టేశాను.

అత్తమ్మ సీసా నా నోటికి పెట్టింది. ఆ తొందరలో సగం నీళ్ళు నా చీర మీదే పడ్డాయి. ఇంటికొచ్చాక జేబు తడిమి చూసింది. దూది, స్పాంజి, అన్నీ. కోప్పడితే భరించేదాన్ని.

"గింత కష్టపడి నాకు ఇనవడకుంట కుట్టినవా బిడ్డా. ఇగ సాలు. నువ్వాడొద్దు, నేను పాడొద్దు. ఇంట్ల కూసుందం."

చాలాసేపు ఏడ్చాను. తీర్మానం సంగతి దేవుడెరుగు. ఆమె పాడేలా చేద్దామని మొదలుపెట్టి, ఆమె నోటితోనే పాడనని అనిపించాను.

అక్టోబర్ 7, సోమవారం (అలిగిన బతుకమ్మ)

ఇవాళ బతుకమ్మ అలిగింది. నైవేద్యం లేదు, ఆట లేదు. నేనూ అలిగాను. ఎవరి మీదో తెలియదు.

ఉదయం 10:30. అత్తమ్మ నన్ను బస్సెక్కించి జగిత్యాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పంపును కంప్యూటర్‌కు తగిలించింది. వారం రోజుల గీత తెర మీదికి వచ్చింది. గురువారం 5:10కి ఏం తిన్నానని అడిగింది. ఏమీ తినలేదన్నాను. ఏమీ తినకుండానే 188కి పోయిందా అంది. శనివారం నాలుగింటి నుంచి ఏడున్నర దాకా ఎక్కడున్నానంది. ఆటలో ఉన్నానన్నాను. మరి పంపు ఎక్కడుందంది.

సొరుగులో.

అత్తమ్మ అన్నీ వింది. ఇన్ని చాడీలు చెప్పే మిషన్‌ను నా జన్మలో చూడలేదు.

డాక్టరమ్మ రజని అక్క చెప్పినవే మళ్ళీ చెప్పింది. మూడోది గట్టిగా చెప్పింది. పంపు ఇన్సులిన్ ఆపగలదు గానీ ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేదట. ఆటలో ఒళ్ళు చక్కెరను గబగబా వాడేస్తుంటే, కొంచెం నోట్లో వేసుకోవలసింది మనమే. ఎనభైకి జారుతుంటే రెండు బిళ్ళలు. డెబ్బై లోపలికి పోతే ఆట ఆపి కూర్చోవాలి. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి, సగం సీసా తాగిస్తే తర్వాత షుగర్ ఆకాశానికి పోతుందనీ, పంపు ముందే ఇన్సులిన్ తగ్గించి ఉంటుంది కాబట్టి కొంచెం చాలనీ, పావుగంట ఆగి మళ్ళీ చూడాలనీ చెప్పింది. అత్తమ్మ సంచిలో సీసాను ఇంకొంచెం లోపలికి నెట్టింది.



సాయంత్రం 5:30. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా మామ లస్మయ్య కల్లు గీసిన మనిషి. మోకాళ్ళు పోయాక మానేశాడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు, చెట్టుకు కలిపి వేసుకునే మోకు ఇప్పటికీ గోడకు వేలాడుతుంటుంది. నన్ను పిలిచి దాన్ని తెమ్మన్నాడు. తెచ్చాను. ఒళ్ళో పెట్టుకుని తడిమాడు.

"నలపై ఏండ్లు తాళ్ళెక్కిన. మోకు లేకుంట ఒక్కనాడు ఎక్కలే. మోకేసుకున్నోన్ని జూసి ఎవలన్న నవ్విన్రా? గీన్ని అంగి లోపట దాసుకుంటరా ఎవలన్న?"

అంతే. మళ్ళీ గోడకు తగిలించమన్నాడు. తగిలించాను.

ఏమీ నిర్ణయించుకోలేదు. ఊరికే రాశాను.

అక్టోబర్ 8, మంగళవారం (వేపకాయల బతుకమ్మ)

ఆటకు పోలేదు. కారణాలు: బ్లౌజులు ఆరు మిగిలాయి. కాలు నొప్పి. వాన వచ్చేలా ఉంది. (రాలేదు.) నర్సక్క మొహం ఎలా చూడను?

అత్తమ్మ కూడా పోలేదు. కారణాలు చెప్పలేదు.

6:30. ఖాళీ జాగ నుంచి పాట వినపడుతోంది. అత్తమ్మ లేదు కాబట్టి నర్సక్క ఎత్తింది. నర్సక్క మంచి మనిషి. గొంతు మాత్రం మా పాత మిషన్‌కు నూనె అయిపోయినప్పుడు వచ్చే శబ్దం. చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ చెయ్యి ఆగింది. నర్సక్క రెండో చరణం తర్వాత నాలుగోది అందుకుంది. అత్తమ్మ పళ్ళు కొరికింది. "మూడోదేడ వాయె," అని చిక్కుడుకాయను అడిగింది.

నాకు నవ్వొచ్చింది. మూడు రోజుల తర్వాత నవ్వాను.

7:15. బొంత జేబు కుట్లు విప్పేశాను. మెరుపు బ్లౌజుల మిగులు ముక్కలు తీశాను. ఎర్ర జరీ ముక్కతో నడుముకు కట్టుకునే సంచి కుట్టాను. రెండు అరలు. ఒక దాంట్లో పంపు, ఒక దాంట్లో బిళ్ళలు. చీర పైనే కట్టుకునేది. అంచుకు అద్దాలు కూడా కుట్టాను. దాచనప్పుడు అందంగానైనా ఉండాలి కదా.

మామ చూసి, మోకు బాగుందన్నాడు.

అక్టోబర్ 9, బుధవారం (వెన్నముద్దల బతుకమ్మ)

4:40. 'వ్యాయామం'.

6:00. ఆట మొదలుకాకముందే అందరికీ చెప్పేశాను. ఇది పంపు, ఇవి బిళ్ళలు, నేను నమిలితే కంగారు పడొద్దు, నా నోట్లో ఏమీ పోయొద్దు. ఇన్నేళ్లు దాచినదాన్ని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత పావుగంట అందరూ వరుసగా వచ్చి అంకె చూసుకున్నారు. ఇద్దరు తమ షుగర్ కూడా చూడమన్నారు. నర్సక్కకు బ్లౌజు మళ్ళీ కుట్టి ఇస్తానన్నాను. అతుకు సంగతి ఎలాగూ ఊరందరికీ తెలుసు కాబట్టి వద్దంది. తనకూ ఒక అద్దాల సంచి కావాలంది. షుగర్ లేకపోయినా సరే.

6:40. 79, బాణం కిందికి. రెండు బిళ్ళలు. అడుగులు వేస్తూనే నమిలాను. ఎవరూ ఏమీ పోయలేదు.

6:55. 97.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అత్తమ్మ వచ్చింది, కానీ చెప్పుల పక్కన సీసాతోనే కూర్చుంది. పాట పాటకూ ఆటలోంచి నన్ను పిలిచి "ఎంతున్నది" అని అడిగింది. పాడమని బతిమాలితే సీసా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

అక్టోబర్ 10, గురువారం (సద్దుల బతుకమ్మ)

ఉదయం 11:00. మహేశ్ సిరిసిల్ల నుంచి వచ్చాడు. నడుము సంచి చూసి, కండక్టర్ ఉద్యోగం వచ్చిందా అన్నాడు. నేను టికెట్ తీసుకోమన్నాను.

4:40. 'వ్యాయామం'. సద్దులు సంచిలో సర్దాం: పులిహోర, పెరుగన్నం, నువ్వులన్నం, మలీద.

6:10. ఇవాళ పెద్ద గ్రౌండులో. కోరుట్ల అంతా ఇక్కడే ఉంది. మైకులు, లైట్లు. మా గల్లీ గుండ్రం ఒక మూలకు. 138.

(మిగతాది ఇంటికొచ్చాక.)

నర్సక్క పాట ఎత్తింది. రెండో పాటలో పక్క మైకు మోతకు చరణం మరిచిపోయింది. అడుగులు చెదిరాయి. చప్పట్లు ఎవరివి వాళ్ళవయ్యాయి. నేను గుండ్రంలో అవతలి వైపున్నాను. అత్తమ్మకు నా అంకె కావాలి. చెయ్యి ఊపి అడిగింది, నాకు అర్థం కాలేదు. అరిచింది, మైకుల్లో వినపడలేదు. సీసా చెప్పుల దగ్గర పెట్టి లేచి వచ్చింది. గుండ్రంలోకి వస్తే అడుగు వేయక తప్పదు, లేకపోతే వెనకవాళ్ళు తొక్కేస్తారు. అడుగు వేసింది. చప్పట్లు కొట్టింది. మామూలుగా పిలిస్తే నాకు వినపడదని తెలిసి గొంతెత్తింది.

"సుమలత షుగరెంత ఉయ్యాలో
సెప్పరాదె కోడల ఉయ్యాలో"

నలభైమంది ఆడవాళ్ళు అదే కొత్త పాట అనుకుని అందుకున్నారు.

సంచిలోకి చూశాను. నాకు పాడటం రాదు. అయినా పాడాను.

"నూటాపదారున్నది ఉయ్యాలో
బాణమడ్డమున్నది ఉయ్యాలో"

అదీ అందుకున్నారు. ఇక అత్తమ్మ ఆగలేదు. ఏడాది పాటు మింగినదంతా బయటికొచ్చింది. మస్కట్ నుంచి వచ్చిన పంపు వచ్చింది. జగిత్యాల డాక్టరమ్మ వచ్చింది. దొంగ అటుకులు వచ్చాయి. సొరుగు వచ్చింది. నర్సక్క చంకలో అతుకు కూడా వచ్చింది, నర్సక్కే అందరికన్నా గట్టిగా పాడింది. పక్క గుండ్రం వాళ్ళు తమ ఆట ఆపి మాతో కలిశారు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, చప్పట్లు తప్పుతున్నాను.

అప్పుడు బీప్. అందరికీ వినపడింది.

76. బాణం కిందికి.

దాచే వీల్లేదు, అందరూ నా జవాబు కోసమే చూస్తున్నారు. "డెబ్బయ్యారత్తమ్మ ఉయ్యాలో, కిందికే బాణము ఉయ్యాలో."

అత్తమ్మ గొంతు తడబడింది. సీసా దూరంగా చెప్పుల దగ్గర ఉంది. అటు చూసింది. ఇటు నన్ను చూసింది. పోయినేడు సరిగ్గా ఇక్కడే, ఇలాగే. పాట ఆపేస్తుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"రెండు బిళ్ళలేసుకో ఉయ్యాలో
అడుగు తప్పకుంట ఉయ్యాలో"

వేసుకున్నాను. వందమంది ఆడవాళ్ళు నాకు మందు చెప్తూ పాడుతుంటే, అడుగు తప్పకుండా నమిలాను. ఆమె నా మొహం మీది నుంచి చూపు తీయలేదు, పాటా ఆపలేదు. రెండూ ఒకేసారి చేయొచ్చని మా ఇద్దరికీ ఇవాళే తెలిసింది.

7:05. ఆమె మళ్ళీ అడిగింది. 98, బాణం అడ్డం.

పంపుకు చెప్పి మరీ మలీద తిన్నాను. సీసా అక్కడే మరిచిపోయి వచ్చాం. మహేశ్ వెళ్ళి తెచ్చాడు.

అక్టోబర్ 11, శుక్రవారం

ఉదయం 6:30. లెక్క చూసుకున్నాను. తొమ్మిది రోజుల్లో డౌన్ రెండుసార్లు. 318 ఒకసారి. అసలు వెళ్ళని రోజు ఒకటి. తీర్మానం ముక్కలు ముక్కలు. గుట్టుగా ఉంచాలనుకున్న షుగర్ ఇప్పుడు కోరుట్లలో సగం మందికి నోటికి వచ్చు. పొద్దున పాలు తెచ్చే రాములవ్వ గేటు దగ్గరే రాగం తీసి అడిగింది.

కొత్త తీర్మానం! రేపటి నుంచి రోజూ పొద్దున జగిత్యాల రోడ్డు మీద గంట నడక. అత్తమ్మ, నేను. నలభై రోజులు. ఒక్కరోజు కూడా డౌన్ కా

(కొట్టేశాను.)

నలభై రోజులు. డౌన్ అయితే చెప్తాను.

6:45. అత్తమ్మకు చెప్పాను. రేపు దసరా, ఎల్లుండి అలసటుంటది, సోమవారం నుంచి పోదామంది. సరే, సోమవారం నుంచి.

6:50. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆమె మొదలుపెట్టింది. సుమలత షుగరెంత.

118. బాణం అడ్డం. ఇక్కణ్ణుంచే పాడి చెప్పాను.